సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా పిల్లల్ని కింద ఆడుకోనివ్వండి

బెంగళూరు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కమిటీల్లో ఉన్న మన తెలుగువాళ్ళకు,

నమస్కారం. మాది అనంతపురం. ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. కూతురూ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగస్తులు కావడంతో మనవణ్ణి చూసుకోవడానికి వైట్‌ఫీల్డ్ వచ్చి ఉంటున్నాను. వాడికి నాలుగేళ్ళు. ఇటు వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం, మారతహళ్ళి, అటు సర్జాపుర రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీ, ఏ అపార్ట్‌మెంటుకు వెళ్ళినా లిఫ్టులో తెలుగు వినబడుతుంది. ప్రెసిడెంట్లుగా, సెక్రటరీలుగా, ట్రెజరర్లుగా కూడా మనవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకే ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను.

నేను అడిగేది ఒకటే. రోజూ సాయంత్రం నాలుగు గంటల నుంచి చీకటి పడేదాకా మీ అపార్ట్‌మెంట్ ఉమ్మడి స్థలంలో చిన్నపిల్లల్ని ఆడుకోనివ్వండి. పరిగెత్తినా, అరిచినా, చేతిలో బంతి కనబడినా గార్డు చేత విజిల్ ఊదించకండి.

పిల్లల స్క్రీన్ టైమ్ గురించి ఎక్కడ మాట మొదలైనా చివరికి అది తల్లి మీదికో, ఇంట్లో ఉన్న అమ్మమ్మ, నాయనమ్మల మీదికో వస్తుంది. "ఫోన్ ఇచ్చి అలవాటు చేసింది మీరే కదా" అంటారు. ఫోన్ ఎవరిచ్చారని అందరూ అడుగుతారు. ఇవ్వకపోతే ఆ పూట పిల్లవాడు ఎక్కడికి వెళ్ళాలి, ఏం చేయాలి అని మాత్రం ఎవరూ అడగరు. ఆ రెండో ప్రశ్నకు సగం జవాబు కమిటీల దగ్గరే ఉంది.

మేమున్న చోట లిఫ్టులో ఒక నోటీసు ఉంది. లామినేషన్ చేయించి, అద్దం పక్కన, పెద్దవాళ్ళ కళ్ళకు ఎదురుగా అంటించారు. పోడియంలో, అంటే భవనాల మధ్య ఉన్న ఉమ్మడి ఆవరణలో, బంతి ఆటలు ఆడకూడదు. సైకిళ్ళు, స్కేటింగ్ కూడదు. లాబీలో, కారిడార్లలో పరిగెత్తకూడదు. లాన్ మీద అడుగు పెట్టకూడదు. ప్లే ఏరియా సాయంత్రం 6 నుంచి 7:30 వరకు మాత్రమే. మాట వినకపోతే 500 రూపాయల జరిమానా, అదీ మెయింటెనెన్స్ బిల్లులో కలిపి పంపుతారు. మా బంధువులున్న మరి కొన్ని అపార్ట్‌మెంట్లలోనూ ఇలాంటి నోటీసులే చూశాను. టైమింగ్స్ కాస్త అటూ ఇటూ, అంతే.

ఈ "6 నుంచి" అన్నదాని గురించి కాస్త ఆలోచించండి. నవంబరులో బెంగళూరులో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. బాగా పొద్దు ఉండే జులైలో కూడా ఏడింటికి ముందే సూర్యుడు అస్తమిస్తాడు. ప్లే స్కూలు మధ్యాహ్నానికే వదిలేస్తారు. కాస్త పెద్దపిల్లల స్కూల్ బస్సులు మూడున్నర, నాలుగుకల్లా గేటు దగ్గర ఆగుతాయి. అప్పటి నుంచి ఆరు దాకా, అంటే ఎండ మెత్తబడి, వెలుతురు ఇంకా నిండుగా ఉన్న వేళంతా, పిల్లలు నాలుగు గోడల మధ్యే ఉండాలి. మీరు గేటు తెరిచేసరికి దోమలొస్తాయి, ఇంట్లో అన్నాల వేళవుతుంది.

ఆ రెండు గంటల్లో ఇంట్లో ఏం జరుగుతుందో మీరు చూసి ఉండరు. ఆ టైముకు మీరు ఆఫీసుల్లో ఉంటారు, లేదా తలుపు వేసుకుని కాల్స్‌లో ఉంటారు. నేను చూస్తాను కాబట్టి చెబుతున్నాను.

పిల్లవాడు నిద్ర లేచి పాలు తాగి "కిందికి పోదాం అమ్మమ్మా" అంటాడు. వెళ్తాం. వాడితోపాటు ఇంకో నలుగురైదుగురు చేరతారు. పరుగులు మొదలవుతాయి. పది నిమిషాలు కాకముందే గార్డు వస్తాడు. మంచివాడు, అస్సాం నుంచి వచ్చి పనిచేస్తున్నాడు, ఊళ్ళో అతనికీ చిన్నపిల్లలున్నారు. "ఆంటీజీ, ఊపర్ సే కంప్లైంట్ ఆయా" (పైనుంచి ఫిర్యాదు వచ్చింది) అని మొహమాటపడుతూ చెబుతాడు. పైకి వచ్చేస్తాం. మావాడు బూట్లు విప్పడు. బంతి చంకలో పెట్టుకుని సోఫా అంచున కూర్చుంటాడు, మళ్ళీ వెళ్తామేమోనని. కాసేపటికి హాల్లో ఎగరడం మొదలుపెడతాడు. కింది ఫ్లాటు వాళ్ళు అపార్ట్‌మెంట్ ఫిర్యాదుల యాప్‌లో "పైన దబదబ శబ్దం" అని పెడతారు. వాళ్ళనీ తప్పుపట్టలేను, కింద నిజంగానే వినబడుతుంది. ఇక ట్యాబ్ వస్తుంది. ఒక వీడియో అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. బంతి సోఫా కిందికి దొర్లిపోతుంది.

ఏడున్నరకు అన్నం తినిపించాలని ట్యాబ్ తీసుకుంటే చూడాలి వాడి అవస్థ. నేల మీద పడి కాళ్ళు కొట్టుకుంటాడు. వాళ్ళమ్మ దగ్గరికి వస్తే చేత్తో తోసేస్తాడు, పక్కకు వెళ్తే ఇంకా గట్టిగా ఏడుస్తాడు. ఏం కావాలిరా అంటే చెప్పలేడు. ట్యాబ్ తిరిగి ఇచ్చినా వద్దంటాడు. మారాం అంటారు, మొండితనం అంటారు, పెంపకం అంటారు. ఆ పిల్లవాడి కాళ్ళల్లో ఆ రోజు ఖర్చు కావలసిన సత్తువంతా అలాగే మిగిలిపోయిందని నేనంటాను.

ఎందుకంత నమ్మకంగా అంటున్నానంటే, వినాయక చవితి మూడు రోజులూ మా పోడియంలో పందిరి వేశారు. ఆ మూడు రోజులూ నోటీసు సంగతి ఎవరూ ఎత్తలేదు. అన్ని ఫ్లాట్ల పిల్లలూ సాయంత్రమంతా కిందే. ఎనిమిదేళ్ళ కన్నడమ్మాయి ఒకతె అందరినీ పోగేసి లాక్ అండ్ కీ ఆడించింది. మావాడు మొదటే అవుటయ్యి ఏడుపు అందుకుంటే, వాణ్ణి ఆటలో అరటిపండుగా చేర్చుకుంది. ఇంకోడితో కటీఫ్ అన్నాడు, ఐదు నిమిషాల్లో వాడి వెనకే పరిగెత్తాడు. ఇంటికి వచ్చాక ట్యాబ్ ఊసే ఎత్తలేదు. పెరుగన్నం తన చేత్తోనే కలుపుకుని తిన్నాడు, మళ్ళీ పెట్టించుకున్నాడు. ఏదో చెబుతూ చెబుతూ మాట మధ్యలోనే నిద్రపోయాడు. నిమజ్జనం అయ్యాక పందిరి తీసేశారు, విజిల్ మళ్ళీ మొదలైంది, ఏడుపూ మళ్ళీ మొదలైంది. పిల్లవాడు వాడే, ఇల్లూ ఇదే.

ఇదంతా ఒక అమ్మమ్మ చాదస్తం అనుకోకండి, దీని మీద చదువుకున్నవాళ్ళు చేసిన పనీ ఉంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 3 నుంచి 5 ఏళ్ళ పిల్లల్ని పెంచుతున్న 422 మందిని కొన్ని నెలలపాటు గమనించి, 2022 డిసెంబరులో ఫలితాలు ప్రచురించారు. పిల్లల ఏడుపు ఆపడానికి తరచుగా ఫోనో ట్యాబో చేతికిచ్చే ఇళ్ళలో, తర్వాతి నెలల్లో పిల్లల మూడ్ ఉన్నట్టుండి మారిపోవడం, చిన్నదానికీ పెద్దగా ఉడుక్కోవడం ఎక్కువగా కనబడింది. మగపిల్లల్లో, అసలే దుడుకుగా ఉండే పిల్లల్లో ఈ సంబంధం ఇంకా బలంగా ఉంది. కోపం వచ్చినప్పుడు, ఓడిపోయినప్పుడు, వంతు కోసం ఆగాల్సి వచ్చినప్పుడు తనను తాను సముదాయించుకోవడం పిల్లలు చేసి చేసి నేర్చుకోవాల్సిన పని. తెర ఆ పనిని వాళ్ళ బదులు తను చేసిపెడుతుంది, వాళ్ళకు రానివ్వదు. మరి ఆ అభ్యాసం జరిగేదెక్కడ? ఉయ్యాల దగ్గర లైనులో, ఆటలో అవుటయినప్పుడు, కటీఫ్ దగ్గర. ఇంట్లో ఒక్కగానొక్క పిల్లవాడికి, వాడు అడిగిందల్లా ఇచ్చే అమ్మమ్మ దగ్గర అది జరగదు.

తెర ఆపేటప్పుడు వచ్చే ఏడుపు గురించి కూడా వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో ఒక పరిశీలన చేశారు. "ఇంకా రెండు నిమిషాలే" అని ముందుగా హెచ్చరించడం వల్ల మేలు జరగకపోగా గొడవ పెరిగిందట. రోజూ ఒక అలవాటు ప్రకారం ఆగిపోతే, లేదా ఆ కార్యక్రమమే అయిపోతే పిల్లలు తేలిగ్గా వదిలేశారట. వీడియో దానంతటదే మొదలవుతూ పోతే ఆపడం కష్టమైందట. చదివినప్పుడు నాకు తట్టింది ఇదే: "ఐదయింది, కిందికి పోయే వేళయింది" అనగలిగితే ట్యాబ్ పక్కన పడేయడానికి వాడికీ ఒక కారణం దొరుకుతుంది. ఇప్పుడు ట్యాబ్ ఆపితే వాడి ముందున్నది అన్నం గిన్నె, తర్వాత పడక. ఏ పిల్లవాడు ఇష్టపడి ఆపుతాడు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లల కోసం సూచనలిచ్చింది. ఏడాదిలోపు పిల్లలకు తెర వద్దే వద్దు, 2 నుంచి 4 ఏళ్ళ వాళ్ళకు గంట మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. ఇది అందరికీ తెలుసు, డాక్టరు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ మాకు చెబుతూనే ఉంటారు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే కాగితంలో ఇంకో మాట కూడా చెప్పింది. 1 నుంచి 4 ఏళ్ళ పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలించాలి, మూడు నాలుగేళ్ళ వాళ్ళయితే అందులో కనీసం 60 నిమిషాలు ఒగర్చేంతగా ఆడాలి. మూడు గంటలండీ. పన్నెండు వందల చదరపుటడుగుల ఫ్లాటులో, సోఫా, టీపాయ్, టీవీ యూనిట్ పోగా మిగిలిన హాల్లో, కింది ఫ్లాటు వాళ్ళకు శబ్దం వినిపించకుండా, నాలుగేళ్ళ పిల్లవాడు మూడు గంటలు ఎలా ఆడాలి? గంట మించకూడదన్న మాట ఇంటివాళ్ళకు వర్తిస్తుంది, మేం ఒప్పుకుంటాం. మూడు గంటలు ఆడించాలన్న మాట మాత్రం మీరు కలిసిరాకుండా మా వల్ల కాదు.

కళ్ళ సంగతి కూడా ఒక్క మాట. చైనాలోని గ్వాంగ్జౌలో ఒకటో తరగతి పిల్లలకు స్కూల్లో రోజుకు 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్ళ తర్వాత చూస్తే, ఆ ఏర్పాటు లేని స్కూళ్ళలో 39.5 శాతం పిల్లలకు దూరపు చూపు మందగించగా, బయటికి పంపిన స్కూళ్ళలో అది 30.4 శాతమే. 2015లో ఈ ఫలితాలు వచ్చాయి. అది పగటి వెలుతురు వల్ల వచ్చిన లాభం. ఆరింటి తర్వాత పోడియం లైట్ల కింద ఆ వెలుతురు ఉండదు.

మీరు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. పెద్దవాళ్ళకు శబ్దం పడదంటారు. నేనూ పెద్దదాన్నే, నాకూ బీపీ ఉంది, మధ్యాహ్నం నిద్ర నాకూ కావాలి. అందుకే నాలుగు దాకా ఆగుదామంటున్నాను. రెండు నుంచి నాలుగు దాకా నిశ్శబ్దం పాటించాలని నియమం పెట్టండి, మేమే దగ్గరుండి పాటింపజేస్తాం. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకు కాల్స్ ఉంటాయంటారు. ఉంటాయి, మా అల్లుడికీ ఉంటాయి. కిటికీ వేసుకోవడానికి ఆయనకు వీలుంది. పిల్లవాడికి సాయంత్రాన్ని వాయిదా వేసుకునే వీలు లేదు. కార్ల అద్దాలు పగులుతాయని భయమైతే ఐదారేళ్ళలోపు వాళ్ళకు మెత్తటి రబ్బరు బంతులు చాలు. గట్టి బంతితో క్రికెట్ ఆడే పెద్దపిల్లల సంగతి వేరు, వాళ్ళకు వేరే చోటు చూడాలి. ఒకళ్ళిద్దరు పడి దెబ్బలు తగిలించుకుంటే అసోసియేషన్ మీదికి వస్తుందన్న భయం కూడా ఉంది. మోకాళ్ళు చెక్కుకుపోతాయి, పసుపు రాస్తాం. పెద్ద ప్రమాదాలు పోడియంలో కార్లు తిరగడం వల్ల జరుగుతాయి. కాబట్టి ఆ రెండు మూడు గంటలు ఒక పక్క కార్లు రాకుండా రెండు కోన్లు పెట్టించండి.

పార్కుకు తీసుకెళ్ళవచ్చు కదా అని మాతో చాలామంది అన్నారు. కబ్బన్ పార్కు ఎంతో బాగుంటుంది. 2023లో పర్పుల్ లైన్ పూర్తయ్యాక వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రోలో నేరుగా వెళ్ళవచ్చు. ఆదివారాలు మేం వెళ్తాం. అది వారానికి ఒక రోజు. మిగతా ఆరు రోజుల సంగతేమిటి? దగ్గర్లో ఉన్న చిన్న పార్కుకు వెళ్ళాలంటే ట్యాంకర్లు, స్కూల్ బస్సులు తిరిగే రోడ్డు దాటాలి. ఫుట్‌పాత్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, అక్కడ రోడ్డు మీదికి దిగాలి. మోకాళ్ళ నొప్పులతో ఒక చేత్తో పిల్లవాణ్ణి పట్టుకుని రోజూ అలా నడవడం నావల్ల కాదు, నాలాంటి చాలామంది అమ్మమ్మల వల్ల కాదు. ఆ రోడ్లు బాగుచేయమని కార్పొరేషన్‌ను అడగాల్సిందే. కానీ అవి బాగయ్యేలోపు ఈ పిల్లల చిన్నతనం అయిపోతుంది. పోడియం మాత్రం ఈ రోజే, లిఫ్టు దిగితే ఎదురుగా ఉంది.

ఈ ఊరు మనకిచ్చిన వరం కూడా చూడండి. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు. మా అనంతపురంలో మే నెలలో నాలుగు గంటలకు పిల్లవాణ్ణి బయటికి పంపలేం, వడదెబ్బ తగులుతుంది. ఇక్కడ ఏడాదిలో చాలా రోజులు నాలుగున్నరకు హాయిగా ఆడుకోవచ్చు. అలాంటి సాయంత్రాలున్న ఊళ్ళో పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టుకోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

ఇదే ఊళ్ళో ఉన్న మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు టెక్నాలజీ అతిగా వాడే అలవాటున్న వాళ్ళ కోసం 2014లోనే ఒక ప్రత్యేక క్లినిక్ మొదలుపెట్టారు. అవసరమైన సేవ, మంచి పని. కానీ ఏ బిడ్డా అక్కడిదాకా వెళ్ళే అవసరం రాకుండా చూడటం మనలాంటి మామూలు మనుషులకు సాధ్యమయ్యేది ఈ నాలుగేళ్ళ వయసులోనే.

హక్కుల గురించి మాట్లాడాలంటే కూడా మాట్లాడొచ్చు. ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒప్పందాన్ని మన దేశం 1992లో అంగీకరించింది, అందులోని 31వ అధికరణం ఆటను పిల్లల హక్కుగా చెబుతుంది. కర్ణాటక అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం 1972 ప్రకారం ఉమ్మడి స్థలంలో ప్రతి ఫ్లాటు యజమానికీ విడదీయరాని వాటా ఉంది. ఆ స్థలం కార్లకు ఎంత ఉందో అక్కడ పెరిగే పిల్లలకూ అంత ఉండాలి. అయితే చిన్నపిల్లలున్న తెలుగు కుటుంబాల్లో చాలామంది అద్దెకుండేవాళ్ళే. మెయింటెనెన్స్ వాళ్ళ జేబులోంచే పోతుంది, జనరల్ బాడీ మీటింగులో మాత్రం ఓటు ఉండదు. ఓటున్న మీరు వాళ్ళ తరఫున మాట్లాడకపోతే మాట్లాడేవాళ్ళు లేరు.

మొత్తం నియమాలు ఎత్తేయమని నేననడం లేదు. మీ కమిటీ తదుపరి మీటింగు అజెండాలో ఈ ఒక్క అంశం పెట్టండి. ఆ మీటింగుకు అద్దెకుండేవాళ్ళను, పిల్లల్ని చూసుకునే అమ్మమ్మ, తాతయ్యలను, ఆయాలను కూడా పిలవండి. మూడు నెలలు ప్రయోగంగా పెట్టి చూడండి: సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా, ఆరేళ్ళలోపు పిల్లలు, పెద్దవాళ్ళు ఒకరిద్దరు దగ్గర ఉండేలా. మేమే వంతులు వేసుకుని కూర్చుంటాం. మీరు నీడన రెండు బెంచీలు వేయించి, మంచినీళ్ళు పెట్టిస్తే చాలు. మూడు నెలల తర్వాత ఎన్ని అద్దాలు పగిలాయో, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో రిజిస్టరు చూసి నిర్ణయించండి. ఆ పిల్లల తల్లులను కూడా పిలిచి, రాత్రి అన్నాల దగ్గర ఏడుపు ఎలా ఉందో అడగండి.

నిర్ణయం తీసుకున్నాక గార్డులకు రాతపూర్వకంగా ఇవ్వండి, వాళ్ళకు వచ్చిన భాషలో. నోటిమాటగా చెబితే ఎవరో ఒకరు ఇంటర్‌కామ్‌లో కోప్పడగానే వాళ్ళు మళ్ళీ విజిల్ అందుకుంటారు. ఉద్యోగం పోతుందన్న భయం వాళ్ళది.

ఇట్లు,
ఒక అమ్మమ్మ
వైట్‌ఫీల్డ్, బెంగళూరు